నడుము నొప్పి లెక్క ఫోన్ల ఎట్ల రాయాలె? డాక్టర్‌కు అక్కెరకొచ్చేది ఏంది?

నమస్తే. నడుము నొప్పి మూడు నెలలు దాటినోళ్ల కోసం ఈ వీడియో. నల్లగొండ, పాలమూరు దిక్కు నాట్లేసేటోళ్లు, పత్తి ఏరేటోళ్లు, ఆటో నడిపేటోళ్లు ఓపీల కూసున్నప్పుడు డాక్టర్ అడుగుతడు, "ఎట్లుంది?" అని. "గట్లనే ఉంది సార్" అంటే ఆయనకు ఏం సమజ్ కాదు. రెండు వారాల లెక్క చేతిల ఉంటే వ్యాయామం పెంచాల్నా, మందు మార్చాల్నా అనేది తేల్తది.

రోజూ రాత్రి అన్నం తిన్నంక ఒక్కసారి రాయండి: ఇయ్యాల మొత్తం మీద నొప్పి ఎంత, 0 నుంచి 10 దాకా. గంటకోసారి రాయొద్దు, మనసంతా నడుము మీదనే ఉంటది. ఇగ వారానికోసారి మూడు పనులకు అంకె వేయండి. ఆ పనులు మీరే ఎంచుకోవాలె: నీళ్ల బిందె ఎత్తుడు, వంగి నాటేసుడు, జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ దాకా బస్సుల కూసునుడు. అసలే చేతగాకపోతే 0, మునుపటి లెక్క చేస్తే 10. నొప్పి 6 కాడనే ఆగినా, బిందె ఎత్తుడు 3 నుంచి 6కు వచ్చిందంటే మీరు బాగైతున్నట్టే. చాలామంది నొప్పి అంకె ఒక్కటే చూసి వ్యాయామం బంద్ చేస్తరు. మాకు బాధనిపించేది గదే.

అడుగుల లెక్కల ఫోన్‌ను పూరాగ నమ్మొద్దు. సద్ది సంచిల పెట్టి ఒడ్డు మీద వదిలేస్తే పొద్దుందాక సున్నానే. నడుముకు చెక్కుకున్నా, బురదల ఎనకకు వేసే చిన్న అడుగులు సరిగ పట్టదు. ట్రాక్టర్ కుదుపులను అడుగులనుకోవచ్చు. అందుకే పక్కన "నాటు 4 గంటలు" అని రాయండి. అడుగులు లెక్కపెట్టే ఆప్ మధ్యల ఆగితే సెట్టింగ్స్‌ల ఆ ఆప్ తెరిచి, బ్యాటరీ దగ్గర "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టండి, "ఫిజికల్ యాక్టివిటీ" పర్మిషన్ ఇయ్యండి.

ఇప్పుడు ఆప్‌ల అడుగుల గ్రాఫ్ చూడండి. ఒకరోజు 9,000 అడుగులు, ఎనక మూడు రోజులు 1,500. జెర నయమైందని పనులన్నీ ఒక్కనాడే మీదేసుకుంటరు, తర్వాత మంచం పడతరు. దీన్ని ఆపాలె. మొదటి వారం ఏం మార్చకుండా సగటు తీయండి. 3,000 వస్తే, మంచిగున్న రోజు కూడా దాని దగ్గరనే ఆగండి. నొప్పి ఎక్కువున్న రోజు సగమన్న నడవండి, పండుకోవద్దు. వారం గడిచినంక 3,300 చేయండి.

ఆప్ ఒక్కటే వైద్యం కాదు. డెన్మార్క్, నార్వేల 461 మంది మీద చేసిన, నడుము నొప్పికి వ్యాయామం చెప్పే సెల్ఫ్‌బ్యాక్ ఆప్ పరీక్ష 2021ల అచ్చయింది. నొప్పితోని రోజు పనులకు ఎంత ఇబ్బందో కొలిచే 24 మార్కుల పట్టీల, మామూలు వైద్యంతోని ఆప్ కూడా వాడినోళ్లకు, వాడనోళ్లకు మూడు నెలలకు తేడా ఒక్క మార్కు కూడా లేదు. నడకకు బలం ఎక్కువ: నొప్పి తగ్గిన 701 మందితో ఆస్ట్రేలియాల చేసి 2024ల లాన్సెట్ అనే వైద్య పత్రికల వేసిన పరీక్షల, ఫిజియో చెప్పినట్టు నడిచినోళ్లల సగం మందికి నొప్పి తిరగబెట్టేటందుకు 208 రోజులు పట్టింది, మిగతావాళ్లల సగం మందికి 112 రోజులే.

మూత్రం ఆగినా, కూసునే చోట తిమ్మిరెక్కినా, కాలు పట్టు తప్పినా, జ్వరంతోని నొప్పొచ్చినా లెక్కలు రాస్తూ కూసోవద్దు, అదే రోజు దవాఖానకు పోండి.

మామూలు ఓపీకి పోయేముందు రెండు వారాల గ్రాఫ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మూడు పనుల పాత అంకె, కొత్త అంకె చిట్టీ మీద రాసి, మాట్లాడక ముందే డాక్టర్ చేతికియ్యండి.