ఎయిర్ అంబులెన్స్ పైకి లేచాక రోగి ఒంట్లో గాలి ఏం చేస్తుంది?

(తెర మీద: అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా మధురపూడి ఎయిర్‌పోర్టు దారి)

కోనసీమ నుంచి అరకు వెళ్లినవాళ్లు గమనించే ఉంటారు. ఘాట్ ఎక్కేకొద్దీ చిప్స్ ప్యాకెట్ ఉబ్బుతుంది. బయట ఒత్తిడి తగ్గితే లోపలి గాలి సాగుతుంది, అంతే. రోగి ఒంట్లో చిక్కుకున్న గాలీ అలాగే సాగుతుంది.

విమానం ఎంత ఎత్తులో ఎగిరినా, క్యాబిన్‌లో ఒత్తిడి సాధారణంగా 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతకు మించి పడనివ్వరు. మన డెల్టా దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. కాబట్టి ఒత్తిడి 760 నుంచి సుమారు 565 మిల్లీమీటర్ల పాదరసానికి దిగుతుంది. చిక్కుకున్న గాలి మూడో వంతుకు పైగా పెరుగుతుంది.

అందుకే బయల్దేరకముందే ఛాతీ ఎక్స్‌రే చూడాలి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉంటే కింద ఉండగానే అది బయటికి పోయేలా ఛాతీలో ట్యూబు వేయించాలి. దారిలో ఆ ట్యూబును క్లాంప్ చేయకండి, గాలికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. పేగుల్లో అడ్డంకి ఏర్పడినవారికి రైల్స్ ట్యూబు (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) తెరిచే ఉంచాలి. రెటీనా ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ పెట్టినవారు అది కరిగేదాకా విమానం ఎక్కకూడదు, చూపే పోవచ్చు.

(క్లోజప్: శ్వాసనాళం ట్యూబు చివరి చిన్న బెలూన్, అంటే కఫ్; పక్కన దాని ఒత్తిడి కొలిచే మానోమీటర్)

వెంటిలేటర్ రోగి విషయంలో ఎక్కువగా మరిచిపోయేది ఈ కఫ్. ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉండాలి. పైకి వెళ్లేటప్పుడు 30 దాటిపోతుంది, శ్వాసనాళం గోడకు రక్తం అందదు. కాస్త గాలి తీయాలి. దిగేటప్పుడు అదే కఫ్ వదులైపోతుంది. వెంటిలేటర్ లీక్ అలారం మోగుతుంది, నోట్లోని ద్రవం ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. మళ్లీ గాలి నింపి కొలవాలి. వేలితో నొక్కి చూసి సరిపోయిందనుకోవద్దు, మానోమీటర్ ఉండాల్సిందే.

ఆక్సిజన్ లెక్కా మారుతుంది. కింద 40 శాతం సరిపోయిన రోగికి పైన సుమారు 54 శాతం కావాలి. సిలిండర్ల లెక్క ఆ ప్రకారం వేసుకోండి. డ్రిప్పుకు ఇన్‌ఫ్యూజన్ పంపు పెట్టండి, గాజు సీసాలు వద్దు.

తలలో గాలి చేరిన గాయమైతే క్యాబిన్ ఒత్తిడిని నేల మీద ఉన్నట్టే ఉంచమని అడగవచ్చు. అప్పుడు విమానం తక్కువ ఎత్తులో ఎగరాలి, ఇంధనం, సమయం ఎక్కువ పడతాయి. కాబట్టి ఈ మాట బుక్ చేసేటప్పుడే చెప్పాలి.