పార్ట్-2 ఆర్డర్ పడిందా?

అందరికీ నమస్కారం. ముందు వరసలో భర్తీకి తయారవుతున్న కుర్రాళ్లున్నారు, వెనక వాళ్ల అమ్మానాన్నలున్నారు. నేను డాక్టర్ని కాను. ఆర్మీలో క్లర్కుగా చేసి హవల్దారుగా రిటైరయ్యాను. తుపాకీ కన్నా రిజిస్టర్లే ఎక్కువ మోశాను.

ఊపిరి పీలిస్తే ఛాతీ 5 సెంటీమీటర్లు పెరగాలని ఇక్కడ ఏ కుర్రాణ్ణి లేపి అడిగినా చెప్తాడు. అది భర్తీ ముచ్చట. చేరాక కూడా మెడికల్ జరుగుతూనే ఉంటుంది. దాని ఫలితాన్ని 'షేప్' అంటారు. మనసు, వినికిడి, కాళ్లూ చేతులూ, ఒంటి సత్తువ, కంటిచూపు, ఒక్కోదానికి ఒక అంకె. అన్నిట్లో ఒకటి వస్తే షేప్-1, ఎక్కడికైనా పంపుతారు. అంకె పెరిగితే 'లో మెడికల్ కేటగిరీ', అంటే ఆరోగ్యంలో కింది తరగతి. ఆ మాటంటేనే మావాళ్లకు టెన్షన్, ప్రమోషన్‌కి అడ్డమొస్తుందని. అందుకే బీపీ ఉన్నవాడు బీపీని దాస్తాడు. నేనూ ఒక ఏడాది మోకాలి నొప్పి చెప్పలేదు. ఇందాక ఈ స్టేజీ మెట్లు ఎలా ఎక్కానో మీరే చూశారు.

కింద దాచింది కొండ మీద దాగదు. లేహ్ దాదాపు 11,500 అడుగుల ఎత్తు. అక్కడ విమానం దిగినవాడు ఎంత వస్తాదైనా సరే, మొదటి 2 రోజులు విశ్రాంతే. ఒళ్లు ఎత్తుకు అలవాటుపడే తొలి దశ 6 రోజులకు గానీ పూర్తవదు. 12,000 అడుగులు దాటాలంటే ఇంకో 4 రోజులు, 15,000 దాటాలంటే మరో 4. ఈ లెక్క ఊరికే రాలేదు. 1962 యుద్ధంలో జవాన్లను హడావుడిగా పైకెక్కించారు, ఊపిరితిత్తుల్లో నీరు చేరి కొందరు పోయారు. ఆ తర్వాత మన మిలిటరీ డాక్టర్ ఇందర్ సింగ్ బృందం 1,925 మంది సైనికులను గమనించి 1969లో ఎత్తు జబ్బు మీద వ్యాసం రాసింది.

ఇక నా శాఖ. పెళ్లయినా, బిడ్డ పుట్టినా యూనిట్ పార్ట్-2 ఆర్డర్ వేయాలి, అంటే ఆ మార్పును జవాను వివరాల్లో నమోదు చేసే ఉత్తర్వు. అది రికార్డ్ ఆఫీసుకు వెళ్లాలి. అప్పుడే సర్కారు దృష్టిలో మీకు భార్య ఉన్నట్టు! మన తెలుగువాళ్లకు ఇంకో తిప్పలుంది, ఇంటిపేరు. ఆర్మీ కాగితంలో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకులో చివర. ఒకే మనిషి ముగ్గురవుతాడు.

మా యూనిట్లో మన కోస్తా కుర్రాడొకడు ఉండేవాడు. లీవులో పెళ్లి చేసుకుని వచ్చి, కాకినాడ కాజాల డబ్బా నా బల్ల మీదే పెట్టాడు. తిన్నాను. మ్యారేజ్ సర్టిఫికెట్ అడగడం మర్చిపోయాను. "తర్వాత ఇస్తాలే సార్" అని వాడూ ఊరుకున్నాడు. నాలుగు నెలలకు బండి లోయలో పడింది. ఆ అమ్మాయి తాను భార్యనని చూపించుకోవడానికి ఏడాదిన్నర తిరిగింది. ఒకసారి వాళ్ల నాన్నతో మా ఆఫీసుకూ వచ్చింది. కాజాల సంగతి ఆమెకు తెలియదు.

అగ్నివీరులకు 48 లక్షల బీమా ఉంది. పెళ్లికాని పిల్లలే కదా అని నామినీ కాలమ్ తేలిగ్గా తీసుకోకండి.

ఇంకేం చెప్పను? కాగితాలు తెచ్చుకున్నవాళ్లు ఆ వేపచెట్టు కింద బల్ల దగ్గరకు రండి. భోజనాల దాకా అక్కడే ఉంటాను. ఆధార్ పక్కన పెట్టుకుని పేర్లు అక్షరం అక్షరం సరిచూద్దాం.