ముద్రతో సహా ఎత్తుకుపోయిన పాట

సభాధ్యక్షులకు, తెలుగు శాఖ అధ్యాపకులకు, నన్ను పట్టుబట్టి పిలిపించిన విద్యార్థులకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరినీ పేరుపేరునా తలచుకుని, వారి సేవలు కొనియాడి మొదలుపెట్టడం మన ఆచారం. నాకిచ్చిన సమయం ముప్పావు గంట. చెప్పవలసిన మాట ముప్పై మూడేళ్లుగా నా గొంతులో ఉంది. పెద్దలు మన్నించాలి.

కొత్తగా విడుదలైన హిప్-హాప్ సింగిల్స్ మీద నా అభిప్రాయం చెప్పమన్నారు. మూడు పాటలు ఎంచి నా ఫోనుకు పంపారు. అమెరికా ర్యాపర్ కెండ్రిక్ లమార్ ‘నాట్ లైక్ అస్’, హనుమాన్‌కైండ్ ‘బిగ్ డాగ్స్’, ఆయనదే ‘రన్ ఇట్ అప్’. మొదటి రెండూ 2024లో వచ్చాయి, మూడోది 2025 మార్చిలో. ఖమ్మం బస్టాండు దగ్గర ఇరవై రెండేళ్లు కేసెట్ల దుకాణం నడిపిన మనిషికి ఈ పాటలతో పనేమిటని మా ఇంట్లో అడిగారు. మాటను తాళం మీద కూర్చోబెట్టి చెప్పేదంతా నా దుకాణం సరుకే అన్నాను. బుర్రకథ అమ్మాను, ఒగ్గుకథ అమ్మాను, చిందు భాగవతం అమ్మాను. ఈ మూడు పాటలను కూడా వారం రోజులు కూర్చుని విన్నాను. ఒక్కోదాన్ని ఇరవైసార్లకు తక్కువ వినలేదు.

ముందు ‘బిగ్ డాగ్స్’ సంగతి. పాడిన అబ్బాయి అసలు పేరు సూరజ్ చెరుకాట్. కేరళలో పుట్టాడు, అమెరికాలోని హ్యూస్టన్‌లో పెరిగాడు. పాట ఇంగ్లీషులో ఉన్నా దృశ్యం మాత్రం మనది. కేరళలోని పొన్నానిలో మౌత్ కా కువా, అంటే మృత్యుబావిలోకి దిగి, గోడల మీద మోటారు సైకిళ్లు గిర్రున తిరుగుతుంటే బావి అడుగున నిలబడి పాడాడు. నాంపల్లి నుమాయిష్‌లో ఆ బావి పైఅంచు పట్టుకుని వంగి చూసినవారికి ఆ చెక్కల వణుకు అరచేతుల్లో గుర్తుంటుంది. పాట కూడా అలాగే వణికిస్తుంది. అమెరికాలో బాగా నడిచే పాటల బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో 23వ స్థానం దాకా వెళ్లింది.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆ పాటకు బీట్ కట్టింది ఎవరో తెలిసినవారు చేతులెత్తండి.

రెండు చేతులు. ఈ హాలులో రెండు వందల మంది ఉన్నారు.

ఆయన పేరు కల్మి. మన హైదరాబాద్ మనిషి. కింద గుర్రుమంటూ తిరిగే ఆ బేస్, గొంతుకు చోటిచ్చి పక్కకు తప్పుకుని మళ్లీ వచ్చి మీద పడే ఆ దెబ్బ, అవన్నీ ఆయన చేతివి. మీరు పంపిన మూడో పాటకు కూడా ఆయనే. అందులో కేరళ చెండ వాద్యం పెట్టారు. మీరు ఈ పాటలను వందలసార్లు విన్నారు, పెళ్లి ఊరేగింపుల్లో నృత్యం చేశారు. మూడు గంటల ప్రయాణం దూరంలో ఉన్న మనిషి పేరు మీకు తెలియలేదు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. నేను అంతకంటే పెద్ద తప్పు చేశాను, దాని దగ్గరికే వస్తున్నాను.

‘నాట్ లైక్ అస్’ మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కట్టడం విషయంలో దానికి వంక పెట్టలేను. 2024 ఏప్రిల్ 30 నుంచి మే 4 వరకు, అంటే ఐదు రోజుల్లో, కెండ్రిక్ లమార్ నాలుగు పాటలు వదిలాడు. అన్నీ డ్రేక్ అనే ర్యాపర్ మీదనే. నాలుగోది ఇది. బీట్ మస్టర్డ్‌ది. హుక్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి, మొదటిసారి వినగానే వంతపాటగాడిలా అందుకోవచ్చు. బుర్రకథలో తందాన అందుకున్నంత సులువు. జూన్ 19న లాస్ ఏంజెలెస్ పక్కన ఇంగిల్‌వుడ్‌లో జరిగిన కచేరీలో అదే పాటను ఐదుసార్లు పాడాడు. పాడిన ప్రతిసారీ జనం మొత్తం పాడారు. మరుసటి ఏడాది ఐదు గ్రామీ పురస్కారాలు వచ్చాయి.

ఆ జనం పాడుతున్న వీడియో చూసినప్పుడు మాత్రం నాకు మనసు కుదుటపడలేదు. బతికున్న మనిషి మీద ఘోరమైన ఆరోపణ అది. డ్రేక్ దాన్ని కాదన్నాడు, రికార్డు కంపెనీ మీద కోర్టుకు కూడా వెళ్లాడు. నిజానిజాలు తేల్చే శక్తి పాటకు లేదు. మనకు తిట్టు కవిత్వం కొత్త కాదు. వేములవాడ భీమకవి తిడితే అది జరిగి తీరుతుందని జనం నమ్మారు. ఆ నమ్మకంలో ఒక భయం ఉండేది, తిట్టేవాడికీ వినేవాడికీ కూడా. వేలమంది కలిసి నవ్వుతూ ఒకణ్ణి తిట్టడంలో ఆ భయం పోయింది. పాట గొప్పది. దాన్ని నేను మళ్లీ మళ్లీ విన్నాను. విన్న ప్రతిసారీ ఈ మాట కూడా తోచింది. రెండూ మీ ముందు పెడుతున్నాను.

ఇదే డ్రేక్ మీద 2015లో మీక్ మిల్ అనే మరో ర్యాపర్ ఒక ఆరోపణ చేశాడు. నీ పాటలు నువ్వు రాసుకోవు, నీకు రాసిచ్చే మనిషి వేరే ఉన్నాడు అని. ఆ మాటకు వారాల తరబడి దుమారం రేగింది. హిప్-హాప్‌లో అంతకు మించిన నింద లేదు. గాయకుడికి రచయిత వేరే ఉండడం మన సినిమా పాటలో సహజం. అక్కడ మాత్రం మాట నీది కాకపోతే నీకు నిలబడే చోటే లేదు. మరి అంత పట్టింపు ఉన్న ఆ కళలో, లోకమంతా మొదట విన్న పాట ఎలా పుట్టిందో చెబుతాను వినండి. ఈరోజు నేను వచ్చింది అసలు ఇందుకు.

1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే భవనంలో ఒక అమ్మాయి చిన్న విందు పెట్టింది. పేరు సిండీ క్యాంప్‌బెల్. పాటలు వేసింది ఆమె అన్న, డీజే కూల్ హెర్క్. హిప్-హాప్ పుట్టినరోజుగా ఆ తేదీనే చెప్పుకుంటారు. తర్వాత ఆరేళ్లపాటు ఆ కళ పార్కుల్లో, హాళ్లలో, చేతులు మారే టేపుల్లో బతికింది. రికార్డుగా అమ్మొచ్చని ఎవరికీ పెద్దగా తోచలేదు. 1979లో న్యూజెర్సీలో షుగర్ హిల్ రికార్డ్స్ నడిపే సిల్వియా రాబిన్సన్‌కు తోచింది. పాడేవాళ్ల కోసం వెతికింది. దొరికిన ముగ్గురిలో ఒకడు పిజ్జా దుకాణంలో పనిచేస్తున్న హ్యాంక్. అతను రాసేవాడు కాడు. బ్రాంక్స్‌లో తనకు తెలిసిన గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే ర్యాపర్ దగ్గరికి వెళ్లి, పాటలు రాసుకున్న నోటు పుస్తకం అడిగాడు. కాజ్ ఇచ్చాడు. స్నేహితుడు బాగుపడితే తననూ చూసుకుంటాడనుకున్నాడు.

ఆ పాటే ‘ర్యాపర్స్ డిలైట్’. పొడవైన కూర్పు 14 నిమిషాలు దాటుతుంది. అంతకు కొద్దిముందు ఫ్యాట్‌బ్యాక్ బృందం ర్యాప్ ఉన్న పాట ఒకటి విడుదల చేసింది. కానీ లోకం చెవికి ఎక్కింది ఇదే. కింద మోగే సంగీతం షిక్ బృందం పాట నుంచి తీసుకున్నది. షిక్ వాళ్లు పేరున్నవాళ్లు. నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ గట్టిగా అడిగారు, రచయితలుగా వాళ్ల పేర్లు చేరాయి. కాజ్ పేరు చేరలేదు. డబ్బూ రాలేదు.

విద్యార్థులారా, ఇక్కడ జాగ్రత్తగా వినండి. కాజ్‌కు అంతకుముందు రంగస్థలం మీద ఉన్న పేరు కాసనోవా ఫ్లై. తన చరణంలో తన పేరును ఒక్కొక్క అక్షరం చొప్పున విడదీసి పలుకుతూ రాసుకున్నాడు. హ్యాంక్ ఆ పేరును కూడా అలాగే పాడేశాడు. తన పేరు కాని పేరును, తన పేరన్నట్టు, అక్షరం అక్షరం పలికి రికార్డు చేశాడు. ఈరోజుకూ ఆ రికార్డు వేస్తే వినిపిస్తుంది.

దీనికి మన దగ్గర మాట ఉంది. ముద్ర. క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడు, అన్నమయ్య సంకీర్తనలో వేంకటేశుడు, త్యాగరాజు కీర్తనలో త్యాగరాజే. వేమన పద్యం సగం మరిచిపోయినవారికి కూడా మకుటం గుర్తుంటుంది. రచయిత దగ్గర లేనప్పుడు పాటకు కాపలా ఉండేది ముద్ర. తాళపత్రం చిరిగినా, పాడేవాడు ఊరు మారినా, ఇది ఎవరిదో పాటే చెబుతుంది. బ్రాంక్స్ కుర్రవాడికి క్షేత్రయ్య ఎవరో తెలియదు. అయినా అదే పని చేశాడు. హ్యాంక్ పాటను ముద్రతో సహా ఎత్తుకుపోయాడు. ముద్ర మిగిలింది కాబట్టే నలభై ఆరేళ్ల తర్వాత కూడా మనం దొంగతనం అనగలుగుతున్నాం.

ముద్ర చెరిపేస్తే ఏమవుతుందో నేను చూశాను. చెరిపిన చేతుల్లో ఒకటి నాది.

1992లో మేడారం జాతర ముందు, జాతరలో అమ్మడానికి ఒక జానపద పాటల కేసెట్ చేయించాను. ఎనిమిది పాటలు. మా దుకాణం వెనక గదిలో గోడలకు దుప్పట్లు వేలాడదీసి, రెండు మైకులు పెట్టి రికార్డు చేశాం. పాడింది ఒక బృంద నాయకుడు. ఆయన ఇప్పుడు లేరు, పేరు చెప్పను. పాటలు రాసింది వేరే అబ్బాయి. మిర్చి యార్డులో హమాలీ. ఇరవై ఏళ్లుంటాయేమో. తక్‌పట్టీలు, అంటే సరుకు తూకం రాసే చీటీల వెనక రాసుకుని, రుమాలులో మడిచి తెచ్చాడు. మొదటి రోజు వచ్చి ఎనిమిది పాటల వరసలూ పాడి వినిపించాడు. గొంతు బాగాలేదు, దగ్గు వచ్చేది, మిరపఘాటు. కానీ మాట! యార్డులో ఎర్రటి కుప్పల మధ్య నిలబడ్డ మనిషికి జాతరలో కుంకుమ ఎలా కనిపిస్తుందో రాశాడు. అలాంటి పాట నా దుకాణంలో మరొకటి రాలేదు.

ఆ పాట చివరి చరణంలో తన ఊరి చెరువు పేరు పెట్టుకున్నాడు. జమ్మిచెరువు. ఎనిమిది పాటల్లోనూ చివరి చరణంలో జమ్మిచెరువు వస్తుంది. అది అతని ముద్ర. అప్పుడు నాకు ఆ ఆలోచన రాలేదు.

రెండో రోజు రికార్డింగుకు అతను రాలేదు. యార్డుకు సరుకు ముంచెత్తే కాలం, సెలవు దొరకదు. బృంద నాయకుడు జమ్మిచెరువు తీసేసి తన ఊరి పేరు పెట్టాడు. ఆ పేరులో ఒక అక్షరం ఎక్కువ. తాళంలో ఇమడలేదు. డప్పు ముందుకు పోయి, మాట వెనకబడింది. ఇమడలేదని పట్టుకున్నది నేనే. ఆపించి రెండుసార్లు మళ్లీ పాడించింది నేనే. మూడోసారికి ఇమిడింది. బాగుందన్నాను.

ప్రెస్సుకు కేసెట్ డబ్బాలో పెట్టే ఇన్‌లే కార్డు రాసిచ్చింది కూడా నేనే. రచన, గానం, సంగీతం అని రాసి ఎదురుగా ఒకే పేరు రాశాను. ఐదు వందల కేసెట్లు. ఒక్కోటి ఇరవై రూపాయలు. జాతరలో అన్నీ అమ్ముడుపోయాయి, మళ్లీ వేయించాం.

జాతర అయిన వారానికి ఆ అబ్బాయి దుకాణానికి వచ్చాడు. అల్మారాలోంచి కేసెట్ తీసి, కార్డు బయటికి లాగి, ట్యూబులైటు కింద పట్టుకుని చదివాడు. తిప్పి వెనకవైపు కూడా చదివాడు. ఇరవై రూపాయలు తీసి బల్ల మీద పెట్టాడు. వద్దు తమ్ముడూ అన్నాను. వెనక్కి తీసుకోలేదు.

“జాతరలో విన్నాను అన్నా. మా చెరువు లేదు” అన్నాడు.

అంతే అన్నాడు. కేసెట్ రుమాలులో మడుచుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఎప్పుడూ రాలేదు. కొన్నేళ్లకు నేను యార్డుకు వెళ్లి అడిగాను. ఎవరని అడగను? అతని పేరు నాకు తెలియదు. మొదటి రోజు అడగలేదు. నేను తమ్ముడూ అన్నాను, అతను అన్నా అన్నాడు, పని జరిగిపోయింది.

అయ్యా, సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. మూడో పాట గురించి చెప్పనే లేదు. చెండ దెబ్బ గొప్పగా ఉంది, మాటలు ‘బిగ్ డాగ్స్’ కంటే బరువైనవి, నాకు ఇదే ఎక్కువ నచ్చింది. దాని సంగతి ఇంతే.

ఇంకొక్క నిమిషం ఇవ్వండి. మీరు పాట విడుదలైన అరగంటకే బాగుందనో బాగాలేదనో తీర్పు చెబుతున్నారు. చెప్పండి. అది మీ వయసు హక్కు. మీ ఫోనులో పాట పక్కన మూడు చుక్కలుంటాయి. వాటిని నొక్కితే రచయిత ఎవరు, బీట్ ఎవరిది అన్న వివరం చాలావాటికి వస్తుంది. అదే మీ ఇన్‌లే కార్డు. తీర్పు చెప్పేముందు అది తెరవండి. మీలో పాటలు రాసేవాళ్లున్నారని విన్నాను. చరణంలో మీ ముద్ర వేసుకోండి. ఇంకొకరు రాసిస్తే పాడేవాళ్లున్నారు. ఆ పేరు ముందు చెప్పి తర్వాత పాడండి.

ఆ ఎనిమిది పాటల చీటీలు ఈ కవరులో ఉన్నాయి. రికార్డింగు రోజున పాడినవాళ్లు బల్ల మీద వదిలేసి పోతే దాచాను. ఒక్కో చీటీ ముందువైపు రైతు పేరు, అడ్తిదారు పేరు, ఖరీదుదారు పేరు, బస్తాల లెక్క, తూకం ఉన్నాయి. వెనకవైపు పాట ఉంది. మీలో చాలామంది నాన్నలు, పెదనాన్నలు ఆ యార్డులో పనిచేసినవారే. సభ అయ్యాక ఇక్కడికి రండి, ఫొటోలు తీసుకోండి, ఇంట్లో చూపించండి. నీలం ఇంకు, కాస్త ఎడమకు వాలిన రాత. ఊళ్లో జమ్మిచెరువు ఉండాలి. 1992లో ఇరవై ఏళ్లవాడు, అప్పటికే దగ్గు ఉన్నవాడు. ఎవరైనా గుర్తుపడితే రాత్రి ఎంత పొద్దుపోయినా సరే నాకు ఫోను చేయండి. నా నంబరు మీ అధ్యాపకుల దగ్గర ఉంది.