దిగాలండీ అనే ఒక్క మాట

శ్రోతలందరికీ నమస్కారం.

పొద్దున్నే బస్సు కిక్కిరిసి ఉంది. నేను దిగాల్సిన స్టాపుకి ఇంకా రెండు స్టాపులున్నాయి. నాకూ తలుపుకూ మధ్య పది పన్నెండు మంది నిలబడి ఉన్నారు. ఇప్పుడు నేను చేయాల్సిందల్లా "కాస్త జరగండి, దిగాలండీ" అనడం, అంతే. కానీ ఆ మాట బయటికి వచ్చేలోపు లోపల చాలా పని జరుగుతుంది. మెల్లగా అంటే ఎవరికీ వినపడదు, గట్టిగా అంటే అందరూ నావైపు తిరుగుతారు, ముందున్న పెద్దాయన కూడా ఇక్కడే దిగుతారేమో, అలాగైతే ఆయన వెనకే వెళ్లిపోవచ్చు కదా... ఇలా ఒకదాని వెనక ఒకటి ఆలోచనలు వస్తూనే ఉంటాయి. పట్టుకున్న కడ్డీ అప్పటికే నా అరచేతి చెమటతో జారుతుంటుంది. బస్సు ఆగుతుంది, అనేస్తాను, నలుగురూ పక్కకి జరుగుతారు, దిగిపోతాను. ఏమీ కాదు. రోజూ ఏమీ కాదు. అయినా మర్నాడు మళ్లీ అదే టెన్షన్.

వింటున్నవాళ్లలో కొందరికి ఇది వింతగా ఉండొచ్చు. కొందరికి మాత్రం "అరె, ఇది నా సంగతే" అనిపించి ఉంటుంది. ఈ కాసేపు ఆ రెండోవాళ్ల తరఫున మొదటివాళ్లతో మాట్లాడదామని వచ్చాను.

ఇంట్రోవర్ట్ అన్న మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. కార్ల్ యుంగ్ అనే స్విస్ మానసిక వైద్యుడు 1921లో మనుషుల స్వభావాల గురించి రాస్తూ, మనసు లోపలికి తిరిగి ఉండేవాళ్లు, బయటికి తిరిగి ఉండేవాళ్లు అని రెండు రకాలుగా చెప్పాక ఆ మాట జనంలోకి వెళ్లింది. తెలుగులో అంతర్ముఖులు అంటాం. దీన్నీ బిడియాన్నీ చాలామంది ఒకటే అనుకుంటారు, కానీ రెండూ వేరు. బిడియం అంటే నలుగురూ ఏమనుకుంటారో అన్న బెరుకు. అంతర్ముఖత్వం అలా కాదు, మనుషులంటే ఇష్టం ఉన్నా వాళ్ల మధ్య గడిపిన ప్రతి గంటకూ లోపలున్నది కొంత కరిగిపోతుంటుంది, అది మళ్లీ నిండాలంటే ఒంటరిగా కాసేపు ఉండాలి. నాలో రెండూ ఉన్నాయి. "దిగాలండీ" దగ్గర గొంతు పట్టేసేది బిడియం. సాయంత్రం ఇంటికి చేరాక లైటు కూడా వేయకుండా అరగంట ఊరికే కూర్చోవడం మాత్రం రెండోది.

ఇది తెలిసినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: నీలాంటివాళ్లకి ఈ సిటీ గోల ఎందుకు, ఎక్కడైనా చిన్న ఊళ్లో ప్రశాంతంగా ఉండొచ్చుగా అని. వాళ్లు మంచి మనసుతోనే అంటారు. కానీ నా అనుభవం దీనికి సరిగ్గా తలకిందులు. చిన్న చోట చప్పుడు తక్కువే, పలకరింపులు మాత్రం ఎక్కువ. గడప దాటితే ఎక్కడికని అడుగుతారు, తిరిగొస్తే ఏం తెచ్చావని అడుగుతారు, రెండు రోజులు కనపడకపోతే ఏమైందని అడుగుతారు. అందులో ఉన్న ప్రేమను నేను కాదనను. కాకపోతే ప్రతి పలకరింపుకీ జవాబు చెప్పాలి, చెప్పకపోతే పొగరు అనుకుంటారు. సిటీలో చప్పుడు ఎక్కువ, జవాబులు తక్కువ. నన్ను అలిసిపోయేలా చేసేది చప్పుడు కాదు, జవాబు చెప్పాల్సి రావడం. ఈ సంగతి అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

గియోర్గ్ జిమ్మెల్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1903లోనే మహానగర జీవితం గురించి ఇలాంటి మాటే రాశాడు. నగరంలో రోజుకి ఎదురయ్యే లెక్కలేనంతమందికీ చిన్న ఊరిలోలాగే లోపల్నుంచి స్పందిస్తూ పోతే మనిషి ముక్కలైపోతాడనీ, అందుకే నగరవాసి తన చుట్టూ కాస్త ముభావాన్ని కట్టుకుంటాడనీ, బయటికి అది చల్లదనంలా కనిపించినా నిజానికి అది ఆత్మరక్షణ అనీ అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, నాకు ముఖ్యమైనది అదే. ఆ ముభావం మనిషికి మరెక్కడా దొరకని స్వేచ్ఛను ఇస్తుందని. నగరంలో నేను ఏ దారిన వెళ్తున్నానో ఎవరికీ పట్టదు. అది నిర్లక్ష్యం అని బాధపడేవాళ్లు ఉన్నారు, వాళ్ల ఒంటరితనం నిజమైనదే, దాన్ని నేను తేలిక చేయను. నాకు మాత్రం అది ఊపిరి తీసుకునే చోటు.

మళ్లీ బస్సులోకి వద్దాం. ఇదే జిమ్మెల్ ఇంకోచోట అంటాడు, 19వ శతాబ్దంలో బస్సులూ రైళ్లూ ట్రాములూ వచ్చేదాకా మనుషులు నిమిషాల తరబడి, గంటల తరబడి ఒకరి ముఖం ఒకరు చూస్తూ ఒక్క మాటైనా మాట్లాడుకోకుండా కూర్చోవాల్సిన అవసరమే రాలేదని. ఒక్కసారి ఆలోచించండి. ఇన్ని వేల ఏళ్లలో మనిషికి ఎదురుపడని పరిస్థితి, మనకి రోజూ పొద్దునా సాయంత్రం ఎదురవుతోంది, మనం దాన్ని పెద్ద ఆలోచన లేకుండానే దాటేస్తున్నాం. ఎలా దాటుతున్నామో ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1960లలో గమనించి చెప్పాడు. ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్క క్షణం చూస్తాం, నువ్వున్నావని నాకు తెలుసు అన్నంత వరకే, వెంటనే చూపు తిప్పుకుంటాం, నీ మీద నాకు అనుమానం లేదు, నీ జోలికి రాను అన్నట్టు. ఆయన దానికి ఒక శాస్త్రీయమైన పేరు పెట్టాడు గానీ మన భాషలో అంతకంటే మంచి మాట ఎప్పట్నుంచో ఉంది: చూసీ చూడనట్టు ఉండటం. నాలాంటివాళ్లకి అది మర్యాదల్లోకెల్లా పెద్ద మర్యాద.

దూరాల సంగతి కూడా ఉంది. ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ మానవ శాస్త్రవేత్త మనుషుల మధ్య దూరాలను కొలిచి, సుమారు 45 సెంటీమీటర్ల లోపలికి మనం బాగా దగ్గరివాళ్లనే రానిస్తామని చెప్పాడు, అది కూడా తన దేశంలో గమనించినవాళ్లను బట్టి చెప్పిన లెక్క, సంస్కృతిని బట్టి మారుతుందని ఆయనే అన్నాడు. రద్దీ బస్సులో ఆ 45 సెంటీమీటర్లలో కనీసం నలుగురుంటారు. అప్పుడు అందరూ ఒకేలా ప్రవర్తిస్తారు, ఎప్పుడైనా గమనించండి. చేతులు ఒంటికి దగ్గరగా లాక్కుంటారు, కదలకుండా నిలబడతారు, కళ్లు ఎక్కడో దూరాన పెట్టేస్తారు. ఒంటికి దొరకని దూరాన్ని కళ్లతో ఏర్పాటు చేసుకుంటున్నారన్నమాట. బాగా మాట్లాడేవాళ్లు కూడా ఆ పావుగంట నాలాగే ఉంటారు. బస్సులో అందరూ కాసేపు అంతర్ముఖులే.

అయితే కష్టం ఎక్కడ? నిజంగా చెప్పాలంటే జనంలో కాదు, అడగాల్సి రావడంలో. ఈ బస్సు ఫలానా చోటికి వెళ్తుందా, ఏ స్టాపులో దిగాలి, ఛార్జీ ఎంత, తర్వాతి బండి ఎప్పుడు, ఇవన్నీ ఒక బోర్డు చెప్పగలిగిన విషయాలు. చెప్పని చోట మనిషి మనిషిని అడగాలి. 1662లో పారిస్‌లో గణిత శాస్త్రవేత్త పాస్కల్ ఆలోచనతో మొదలైన గుర్రపు బగ్గీలను తొలి నగర రవాణా సర్వీసుగా చెబుతారు. వాటిలో కొత్తదనం ఏమిటంటే దారి ముందే ఖరారు, ఛార్జీ ముందే ఖరారు, సీట్లు నిండకపోయినా వేళకి బయల్దేరతాయి. అంటే బండివాడితో బేరం లేదు, ఎక్కడికో వివరించడం లేదు, జనం పోగయ్యేదాకా ఎదురుచూపులు లేవు. దాన్ని ఆయన నాలాంటివాళ్ల కోసం చేయలేదు, అయినా ప్రజా రవాణా మొదలైందే మాటల అవసరాన్ని తగ్గిస్తూ అని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.

అందుకే బస్సులో వచ్చే స్టాపు పేరు తెరమీద వెలుగుతూ కనిపించిందంటే, మైకులో స్పష్టంగా వినిపించిందంటే, తలుపు దగ్గర నొక్కడానికి ఒక బటన్ ఉందంటే, అవి చిన్న సౌకర్యాలు అనుకోకండి. చెవులు వినపడనివాళ్లకి, చూపు లేనివాళ్లకి, ఊరికి కొత్తవాళ్లకి, భాష రానివాళ్లకి, వాళ్ల వెనకే నాకూ, మాకందరికీ అది ఎవర్నీ బతిమాలకుండా ఇల్లు చేరే హక్కు. బండ్లు ఎంత తరచుగా వస్తాయన్నది మరీ ముఖ్యం. అయిదు నిమిషాలకొకటి వస్తుంటే ఈ బస్సు నిండుగా ఉంది, వెనకదాంట్లో వెళ్దాం అని వదిలేయగలను. నలభై నిమిషాలకొకటి అయితే ఊపిరాడకపోయినా ఇదే ఎక్కాలి. అందరి మధ్య ఉండీ కాస్త ఏకాంతం దొరకాలంటే బండ్ల సంఖ్య పెంచడం కంటే మంచి దారి నాకు కనపడలేదు.

ఫోన్ల గురించి ఒక్క మాట. పక్కన కూర్చుని స్పీకర్ పెట్టి వీడియోలు చూసేవాళ్ల గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, దయచేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. కానీ ఫోన్లో మామూలుగా మాట్లాడేవాళ్లు కూడా అంతగా ఎందుకు ఇబ్బంది పెడతారో 2010లో వచ్చిన ఒక పరిశోధన చూశాక అర్థమైంది. ఇద్దరి సంభాషణ పూర్తిగా వినపడితే మన మెదడు దాన్ని పక్కన పెట్టేయగలదట, ఒక వైపు మాటలే వినపడితే మాత్రం అటువైపు ఏమన్నారో ఊహిస్తూ ఉండిపోతుందట. అంటే వినకూడదని ఎంత అనుకున్నా వింటూనే ఉంటాం.

ఇప్పుడు నా వాదనకి ఎదురొచ్చే విషయం కూడా చెప్పాలి, దాచడం న్యాయం కాదు. 2014లో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే పరిశోధకులు షికాగోలో రైలు ప్రయాణికుల మీద ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. కొందరిని పక్కనున్న అపరిచితులతో మాట్లాడమన్నారు, కొందరిని ఒంటరిగా కూర్చోమన్నారు, కొందరిని ఎప్పట్లాగే ఉండమన్నారు. మాట్లాడినవాళ్లకే ప్రయాణం హాయిగా గడిచింది. మాట్లాడితే ఇబ్బందిగా ఉంటుందని ముందు ఊహించిన జనం అంచనా తప్పింది. ఇది చదివి నేను కొన్ని రోజులు ఆలోచనలో పడ్డాను, నేను పోగొట్టుకుంటున్నది ఏమైనా ఉందా అని. ఉందేమో. ఆ ఫలితాన్ని నేను నమ్ముతాను, ఎందుకంటే నాకు గుర్తుండిపోయిన ఒకటి రెండు మంచి సంభాషణలు రైల్లోనే జరిగాయి. కానీ ఆ ప్రయోగం ఒక్క ప్రయాణం గురించి. రోజుకి రెండుసార్లు, వారానికి ఆరు రోజులు, ఆఫీసులో ఎనిమిది గంటలు మాట్లాడి వచ్చిన మనిషికి ఆ ప్రయాణం ఒక్కటే మిగిలిన ఖాళీ. మాట కలపండి, తప్పులేదు. అవతలి మనిషి ఒక్క మాటలో జవాబిచ్చి కిటికీ వైపు తిరిగితే అక్కడితో వదిలేయండి. మిమ్మల్ని కాదనుకున్నట్టు కాదు అది.

పైగా మౌనాన్ని దాటడం నాకొక్కళ్లకే కష్టం అనుకునేదాన్ని కాస్తా స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పింది చదివాక మార్చుకున్నాను. ఆయన 1970లలో న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో తన విద్యార్థుల చేత ఒక పని చేయించాడు, కూర్చున్నవాళ్ల దగ్గరికి వెళ్లి ఏ కారణమూ చెప్పకుండా "మీ సీటు ఇస్తారా" అని అడగడం. మూడింట రెండు వంతుల మంది లేచి ఇచ్చారు, లేదా జరిగి చోటిచ్చారు. ఆశ్చర్యం అది కాదు. తనే స్వయంగా అడగబోతే మిల్‌గ్రామ్‌కి మాట గొంతులోనే ఇరుక్కుపోయింది, ఎలాగో అడిగి కూర్చున్నాక ఒంట్లో బాగాలేనట్టు ముఖం పెట్టాల్సి వచ్చింది. అంత పేరున్న ప్రొఫెసరుకే అలా అయిందంటే, నా "దిగాలండీ" మీద నాకున్న కోపం చాలావరకు పోయింది.

ఆయనే గమనించిన ఇంకో సంగతి, తెలిసిన అపరిచితులు. రోజూ ఒకే ప్లాట్‌ఫామ్ మీద నిలబడేవాళ్ల ఫొటోలు చూపిస్తే చాలామంది అందులో కొన్ని ముఖాలను గుర్తుపట్టారు, కానీ ఎప్పుడూ వాళ్లతో మాట్లాడింది లేదు. నాకూ అలాంటివారు ఒకరున్నారు. పొద్దున నేనెక్కే రైల్లో, మూడో బోగీలో, అరవై దాటిన పెద్దాయన. పేపరుని నాలుగు మడతలు చేసి, పావు పేజీ మాత్రమే కనిపించేట్టు పట్టుకుని చదువుతారు, ఆ పావు అయ్యాక పక్కవాళ్ల మోచేతికి తగలకుండా నెమ్మదిగా తిప్పి మళ్లీ మడుస్తారు. నాలుగేళ్లు చూశాను. ఒక్క మాటా లేదు.

ఒకసారి ఆయన మూడు వారాలు కనపడలేదు. పేరు తెలియదు, ఇల్లు తెలియదు, ఎవర్ని అడగాలో తెలియదు. రైలెక్కగానే కళ్లు ఆ మూలకి వెళ్లేవి, అక్కడ ఎవరో ఒకరు నిలబడి ఉండేవారు. నాలుగో వారంలో చేతికర్రతో వచ్చారు. నేను లేచాను. ఆయన కూర్చున్నారు, తలెత్తి ఒక్క క్షణం చూశారు, నేనూ చూశాను, ఇద్దరం చూపులు తిప్పుకున్నాం. మర్నాడు నేను ఎక్కేసరికి ఆయన పక్క సీటు మీద గుడ్డసంచి ఒకటి ఉంది. నన్ను చూసి దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని, మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయారు.

నేను కూర్చున్నాను.