"ఎన్నో ఓనరు?" ఫెరారీ 250 ఎల్ఎం, చాసిస్ నంబర్ 5893

[తెర మీద: ఎర్ర కారు ముక్కు నుంచి మెల్లగా వెనక్కి జరిగే షాట్. తలుపు మీద తెల్ల గుండ్రంలో 21 అంకె.]

సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్తే మన నోటి నుంచి ముందు వచ్చేది ఒకటే మాట: "ఎన్నో ఓనరు?" ఆ వెంటనే, "యాక్సిడెంట్ గానీ ఏమైనా అయ్యిందా?" తర్వాత ఆర్‌సీ చేతిలో పట్టుకుని, కిందికి వంగి, దుమ్ము తుడిచి, బండి మీద కొట్టిన నంబరూ కాగితంలో నంబరూ ఒకటేనా అని ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూసుకుంటాం.

2025 ఫిబ్రవరి 5న పారిస్‌లో ఒక వేలంలో కూడా ఇదే తంతు జరిగింది. కాకపోతే అక్కడ బండి వయసు అరవై ఏళ్లు. ఫీజులతో కలిపి పలికిన ధర 3 కోట్ల 48 లక్షల 80 వేల యూరోలు. అప్పటి లెక్కన మన రూపాయల్లో మూడొందల కోట్లు దాటింది. మన దగ్గర "రేసుల్లో తిప్పిన బండండీ" అంటే బేరం అక్కడే సగానికి పడిపోతుంది. ఈ కారుకి మాత్రం ఆ మాటే ధర తెచ్చిపెట్టింది.

[తెర మీద: 5893 అంకెలు ఒక్కొక్కటిగా.]

ముందు ఈ ఫెరారీ 250 ఎల్ఎం మీద కొట్టిన చాసిస్ నంబరు, 5893, చూద్దాం. ఆ రోజుల్లో ఫెరారీ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. రోడ్డు మీద తిరిగే కార్లకి బేసి నంబరు, రేసుల కోసమే చేసిన ప్రోటోటైపులకి సరి నంబరు. 5893 బేసి. అంటే కాగితం ప్రకారం ఇది పెద్దమనుషులు షికారుకి తీసుకెళ్లే కారన్నమాట. ఇంజన్ డ్రైవర్ వీపు వెనకాల ఉంటుంది. సామాను పెట్టుకునే చోటు పేరుకి మాత్రమే. ఎవరు షికారు వెళ్తారు దీంట్లో?

పేరులో ఇంకో తిరకాసు ఉంది. ఫెరారీ పేర్లలో 250 అంటే ఒక్కో సిలిండర్ 250 సీసీ అని. పన్నెండు సిలిండర్లు కాబట్టి మూడు లీటర్ల ఇంజన్. కానీ ఈ మోడల్లో మొదటి కారు మినహా మిగతావాటిలో పెట్టింది 3.3 లీటర్ల ఇంజన్. న్యాయంగా అయితే 275 ఎల్ఎం అని పిలవాలి. మరి 250 అని ఎందుకు ఉంచారు? పాత 250 కార్లకే ఇది కొంచెం మెరుగుపెట్టిన రూపం అని అధికారులతో ఒప్పించడానికి. జీటీ, అంటే రోడ్డు కార్ల తరగతిలో పోటీ చేయాలంటే ఒకే రకం కార్లు వంద తయారు చేసి చూపించాలని అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య, ఎఫ్ఐఏ, నియమం. అంతకుముందు 250 జీటీఓ అనే కారు విషయంలో కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ ఇదే ఎత్తు వేస్తే పారింది, అవి వంద కాదు కదా, యాభై కూడా లేవు. ఈసారి పారలేదు. పాత కారులో ఇంజన్ ముందుండేది, దీంట్లో వెనక్కి వెళ్లింది. "అదే కారండీ" అంటే ఎవరు నమ్ముతారు! చివరికి తయారైన 250 ఎల్ఎం కార్లు 32.

ఎంజోకి ఎంత ఒళ్లు మండిందంటే, ఇటలీ ఆటోమొబైల్ క్లబ్ తన తరఫున గట్టిగా నిలబడలేదని అలిగి, 1964 ఫార్ములా వన్ చివరి రెండు రేసుల్లో తన కార్లకి ఇటలీ ఎరుపు తీసేసి అమెరికా నీలం, తెలుపు వేయించాడు. ఫెరారీ డ్రైవర్ జాన్ సర్టీస్ ప్రపంచ ఛాంపియన్ అయ్యింది ఆ నీలం కారులోనే. అల్లుడి అలకలు చూశాం గానీ ఇలాంటి అలక అరుదు.

ఫలితం ఏమిటంటే, ఈ కారు ప్రోటోటైపుల తరగతిలో, తనకంటే చాలా బలమైన వాటితో తలపడాల్సి వచ్చింది. అందుకే ఫ్యాక్టరీ దీన్ని తన సొంత టీమ్‌కి వాడుకోకుండా బయటి టీములకి అమ్మేసింది.

[తెర మీద: లుయీజీ కినెట్టి పాత ఫోటో.]

5893 కొన్నది ఈయన టీమ్. లుయీజీ కినెట్టి. ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసుని మూడుసార్లు గెలిచిన మనిషి. 1932లో, 1934లో ఆల్ఫా రోమియోతో, 1949లో ఫెరారీతో. లె మాన్‌లో ఫెరారీకి అదే మొట్టమొదటి గెలుపు. ఆ 1949 రేసులో భాగస్వామి లార్డ్ సెల్స్‌డన్‌కి ఒంట్లో బాగోక, 24 గంటల్లో 22 గంటలకు పైగా కినెట్టి ఒక్కడే నడిపాడు. వయసు అప్పుడు నలభై ఏడు.

ఈయన అమెరికా ఎలా చేరాడో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ ఊరు మళ్లీ వస్తుంది. 1940లో ఒక టీమ్‌తో కలిసి ఇండియానాపోలిస్ 500 రేసుకి వెళ్లాడు. ఇటలీ యుద్ధంలోకి దిగింది. ఇక తిరిగి రాలేదు. యుద్ధం అయ్యాక అక్కడే ఫెరారీ అమ్మకాలు మొదలుపెట్టి, సొంతంగా నార్త్ అమెరికన్ రేసింగ్ టీమ్ పెట్టుకున్నాడు. పొట్టి పేరు నార్ట్.

[తెర మీద: 1965 జూన్ 19, సాయంత్రం 4 గంటలు. డ్రైవర్లు రోడ్డుకి అడ్డంగా కార్ల వైపు పరిగెత్తే దృశ్యం.]

1965 లె మాన్. రెండేళ్ల కిందట ఫెరారీని కొనబోయి, ఆఖరి నిమిషంలో ఎంజో కాదనడంతో అవమానపడ్డ ఫోర్డ్ కంపెనీ ఏడు లీటర్ల ఇంజన్లు వేసుకుని దిగింది. ఇటు ఫెరారీ ఫ్యాక్టరీ కొత్త పీ2 కార్లు దించింది. అందరి కళ్లూ ఈ ఇద్దరి మీదే. 21 నంబర్‌తో దిగిన మన 5893ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

దాని డ్రైవర్లు కూడా విచిత్రమైన జంట. ఒకరు మాస్టెన్ గ్రెగరీ, అమెరికన్. సోడాబుడ్డి కళ్లద్దాలు. కారు ఎలాగూ గుద్దుకుంటుందని తెలిస్తే అది ఆగకముందే బయటికి దూకేస్తాడని పేరు. రెండోవాడు యోఖెన్ రింట్, ఆస్ట్రియా కుర్రాడు, ఇరవై మూడేళ్లు.

మొదలైన కొద్ది గంటలకే ఇంజన్ దగ్గడం మొదలుపెట్టింది. డిస్ట్రిబ్యూటర్ పోయింది. అంటే ఏ సిలిండర్‌కి ఎప్పుడు కరెంటు స్పార్క్ పంపాలో పంచిపెట్టే భాగం. పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన బండ్లు బాగుచేసే చోట, దాదాపు అరగంట పట్టింది. 24 గంటల రేసులో అరగంట అంటే ఆశలు వదులుకున్నట్టే. రింట్ అప్పటికే మామూలు బట్టలు మార్చుకుని బయల్దేరే పనిలో ఉన్నాడని రేసు జనం చెప్పుకుంటారు. బండి బాగుపడ్డాక ఇద్దరూ ఒక మాట అనుకున్నారట: ఎలాగూ ఇది చివరిదాకా నిలవదు, పగిలిపోయేదాకా తొక్కేద్దాం.

పగల్లేదు. పగిలినవి మిగతావి. ఫోర్డ్ జీటీలు తెల్లారకముందే ఒక్కటి మిగలకుండా ఆగిపోయాయి. ఫెరారీ పీ2లకి బ్రేక్ డిస్కులు బీటలివ్వడం మొదలైంది. ముల్‌సాన్ అనే ఆరు కిలోమీటర్ల తిన్నని రోడ్డు చివర, గంటకి 250 కిలోమీటర్లు దాటిన వేగం నుంచి ఒక్కసారిగా తగ్గాలి. ఆ వేడికి కొత్త డిస్కులు తట్టుకోలేకపోయాయి. తేలికైన 250 ఎల్ఎంకి ఆ బాధ లేదు. పొద్దెక్కేసరికి ముందున్నది ఇంకో 250 ఎల్ఎం, ప్యేర్ ద్యుమే, గుస్తావ్ గోస్లాన్‌లది. దానికి టైరు పేలి బాడీ చీరుకుపోయింది. దాన్ని సరిచేసుకునేలోగా 21 ముందుకొచ్చేసింది.

చివరి గంటల్లో దీనికీ మూడింది. వెనక గేర్ల దగ్గర నుంచి గరగరమని చప్పుడు. గ్రెగరీ మలుపు మలుపుకీ క్లచ్ తొక్కి, బరువు పడకుండా, పచ్చి బాలింతని నడిపించినట్టు నడిపించాడు. అలాగే మొదటి స్థానంలో రేసు ముగించింది. 348 ల్యాపులు, 4,677 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒక్క రోజులో మూడుసార్లు వెళ్లినంత. అరగంట పిట్‌లో నిలబడి కూడా సగటు వేగం గంటకి 194 కిలోమీటర్ల పైన!

[తెర మీద: పొగమంచులో హెడ్‌లైట్లు.]

ఇక్కడ ఒక వివాదం ఉంది. ఆ రాత్రి పొగమంచుకి గ్రెగరీ కళ్లద్దాలు మసకబారి పిట్‌లోకి వచ్చాడని, రింట్ ఎక్కడా కనిపించలేదని, అప్పుడు రిజర్వు డ్రైవర్ ఎడ్ హ్యూగస్ ఎక్కి నడిపాడని ఒక కథ. హ్యూగస్ తర్వాత తనే ఈ మాట చెప్పాడు. అధికారిక పట్టికలో ఆయన పేరు లేదు. అప్పటి నియమం ప్రకారం రిజర్వు డ్రైవర్ ఎక్కితే, దిగినవాడు మళ్లీ ఎక్కకూడదు. అంటే ఆ కథ నిజమైతే గెలుపే చెల్లదు. నాకైతే దీంట్లో ఎటూ మొగ్గాలనిపించదు. ముగ్గురూ పోయారు. పుస్తకంలో రెండు పేర్లే ఉన్నాయి.

[తెర మీద: డేటోనా బ్యాంకింగ్ మలుపు.]

గెలిచిన కారుని మామూలుగా గుడ్డ కప్పి దాచుకుంటారు. కినెట్టి అలా చేయలేదు. అది ఆయనకి పనిముట్టు. 1966లో అమెరికాలోని డేటోనా 24 గంటల రేసుకి దించాడు, తొమ్మిదో స్థానం. 1969లో మళ్లీ లె మాన్. అప్పటికి డిజైన్ ముసలిదైపోయింది, అయినా సామ్ పోజీ, తెయోదోరో జెక్కోలీ దాన్ని ఎనిమిదో స్థానంలో తెచ్చారు. 1970 డేటోనాలో ఏడో స్థానం. మొత్తం ఆరు 24 గంటల రేసులు. ఈ రంగంలో దీన్నే సర్వీస్ రికార్డు అనుకోండి. ఏ రేసు, ఏ నంబరు, ఎవరు నడిపారు, ఏం విరిగింది, అన్నీ నమోదై ఉంటాయి. ఈ గొలుసులో ఒక లింకు తెగినా ధరలో కోట్లు ఎగిరిపోతాయి.

అదే 1970లో కారు ఇండియానాపోలిస్ మోటార్ స్పీడ్‌వే మ్యూజియంకి చేరింది. ముప్పై ఏళ్ల కిందట కినెట్టి దిగిన ఊరే. ఆ సెప్టెంబర్‌లో ఇటలీలోని మోంజా ట్రాక్ మీద ప్రాక్టీసులో రింట్ చనిపోయాడు. ఆ ఏడాది ఫార్ములా వన్ ఛాంపియన్ మాత్రం ఆయనే. చనిపోయాక ఆ టైటిల్ దక్కిన మనిషి ఇప్పటికీ ఆయనొక్కడే.

తర్వాత యాభై నాలుగేళ్లు కారు ఆ మ్యూజియం చేతిలోనే. వేలం ఇళ్లవాళ్లు ఇలాంటి దాని కోసం కాచుకుని కూర్చుంటారు. దళారులు చేతులు మార్చలేదు, ఇంజన్ ఒక చోట, బాడీ ఒక చోట అమ్ముకోలేదు.

ఈ మధ్యలో దాని విలువ పెంచింది ఫెరారీయే, గెలవకపోవడం ద్వారా. 1966 నుంచి ఫోర్డ్ వరసగా నాలుగేళ్లు లె మాన్ కొట్టుకుపోయింది. 1973 తర్వాత ఫెరారీ ఫ్యాక్టరీ ఆ పోటీల నుంచే తప్పుకుంది. మళ్లీ లె మాన్‌లో మొత్తం మీద మొదటి స్థానం వచ్చింది 2023లో, 499పీ కారుతో. యాభై ఎనిమిదేళ్లపాటు "లె మాన్ గెలిచిన ఆఖరి ఫెరారీ ఏది?" అని అడిగితే జవాబు 5893 ఒక్కటే.

[తెర మీద: పారిస్, లూవ్ర్ కింది వేలం హాలు.]

మ్యూజియం ఎందుకు అమ్ముకుంది? అప్పుల్లో పడి కాదు. భవనానికి మరమ్మతులు నడుస్తున్నాయి. ఇండియానాపోలిస్ రేసుతో సంబంధం లేని పదకొండు బళ్లు ఇచ్చేసి, ఆ డబ్బుతో తమ సొంత సేకరణ చూసుకోవాలనుకున్నారు. ఆ పదకొండులో ఫార్ములా వన్ డ్రైవర్లు ఫాంజియో, మోస్ నడిపిన మెర్సిడెస్ డబ్ల్యూ196 రేసు కారు కూడా ఉంది. నాలుగు రోజుల ముందే అది స్టుట్‌గార్ట్‌లో ఐదు కోట్ల యూరోలు దాటింది.

పారిస్‌లో సుత్తి పడింది. కొన్నవాళ్ల పేరు హాల్లో చదవలేదు. ఏప్రిల్‌లో ఇండియానాపోలిస్ మ్యూజియం తలుపులు మళ్లీ తెరిచారు, లోపల 21 నంబర్ కారు లేకుండా.