డీఎన్ఏ క్లస్టర్లు: నాలుగు రాలేదంటే టెస్టు తప్పా?

నమస్తే అండీ. సూటిగా విషయంలోకి వస్తాను. డీఎన్ఏ టెస్టు చేయించుకుంటే మీతో డీఎన్ఏ కలిసినవాళ్ల (మ్యాచ్‌ల) జాబితా వస్తుంది కదా, వాళ్లని టూల్ గుంపులుగా విడదీస్తే అవే క్లస్టర్లు. వీటి గురించి నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే: "ఎరుపు గుంపు నాన్నగారి వైపా, అమ్మ వైపా?"

ఎరుపుకి అర్థమేమీ లేదండీ. ఆకుపచ్చకీ లేదు. పక్క గుంపు నుంచి విడిగా కనపడాలని టూల్ ఏదో ఒక రంగు వేస్తుంది, అంతే. రంగుల్లో బంధుత్వాలు వెతుకుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. దీనికంటే పెద్ద అపోహ ఇంకోటుంది. ఇద్దరు తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ, ఒక్కొక్కరికి ఒకటి చొప్పున నాలుగు గుంపులు రావాలట. రాకపోతే టెస్టు తప్పయినా అయ్యుండాలట, ఇంట్లో ఏదో రహస్యమైనా ఉండాలట. తెలుగు ఇళ్లలో మూడే వస్తే చాలాసార్లు అదే సరైన జవాబు. ఇవాళ వీడియో అంతా దాని గురించే. కిట్ ఎక్కడ కొనాలి, సెంటీమోర్గాన్ (ఇద్దరికి కలిసిన డీఎన్ఏ ఎంతో కొలిచే యూనిట్) లెక్కలేంటి, ఇవన్నీ మీకు తెలుసనే అనుకుంటున్నా.

మీ అమ్మానాన్నల పెళ్లి ఊహించుకోండి. మీరింకా పుట్టలేదు, సరే, అయినా మండపంలో ఓ మూల కుర్చీలో కూర్చున్నారనుకోండి. అక్కడ మీకు ఒక్కరూ తెలీదు. ఎవరు ఎవరిని పలకరిస్తున్నారో చూడడం తప్ప వేరే పని లేదు. కాసేపు చూస్తే చాలు, గుంపులు తెలిసిపోతాయి. పెళ్లికొడుకు తండ్రి వైపు వాళ్లు ఒక చోట, తల్లి వైపు వాళ్లు ఇంకో చోట. పెళ్లికూతురు తండ్రి వైపు వాళ్లు, తల్లి వైపు వాళ్లు అవతల. మొత్తం నాలుగు. క్లస్టర్ టూల్ చేసేది ఇదే. పలకరింపులు లెక్కపెడుతుంది. ఎవరి బంధుత్వమూ దానికి తెలీదు.

[స్క్రీన్ మీద: ఎక్సెల్ షీట్, ఆరు వరసలు. క 310, గ 245, చ 228, జ 190, ట 131, డ 96]

అమెరికాలో డేనా లీడ్స్ అనే వంశవృక్ష పరిశోధకురాలు 2018లో ఈ పద్ధతిని చేత్తో చేసి చూపించారు. అందుకే దీన్ని లీడ్స్ మెథడ్ అంటారు. మీతో 90 నుంచి 400 సెంటీమోర్గాన్ల దాకా కలిసిన మ్యాచ్‌లను ఒక షీట్‌లో రాసుకోవాలి. మొదటి మనిషి 'క'కి పసుపు వేయండి. 'క' పేజీలో షేర్డ్ మ్యాచ్‌లు (మీతోనూ, 'క'తోనూ కలిసినవాళ్లు) తెరిస్తే అందులో చ, డ ఉన్నారు. వాళ్లకీ పసుపే. ఇంకా రంగు పడని వాళ్లలో పైన ఉన్నది 'గ'. అతనికి నీలం. అతని షేర్డ్ మ్యాచ్‌లలో 'జ' ఉంది, ఆమెకీ నీలం. 'ట' ఎవరితోనూ కలవలేదు, కాబట్టి కొత్త రంగు. పనైపోయింది.

400 పైన ఎందుకు వద్దన్నారు? సెకండ్ కజిన్‌తో మీరు కలిసేది ఒక ముత్తాత దంపతుల దగ్గర. ఆ దంపతులు మీ ఇద్దరు తాతల్లో, నాయనమ్మ, అమ్మమ్మల్లో ఎవరో ఒక్కరికే అమ్మానాన్నలు. కాబట్టి ఆ కజిన్ ఒక్క గుంపులోనే ఉంటారు. అదే మీ నాన్న అన్నగారి పిల్లల సంగతి చూడండి. మండపంలో వాళ్లు తాత వైపు వాళ్లతోనూ మాట్లాడతారు, నాయనమ్మ వైపు వాళ్లతోనూ మాట్లాడతారు. వాళ్లని లెక్కలోకి తెస్తే రెండు గుంపులూ ఒకటైపోతాయి.

2018 చివర్లో ఎవర్ట్-యాన్ బ్లోమ్ అనే ఆయన జెనెటిక్ అఫైర్స్ అనే సైట్ ద్వారా దీన్ని ఆటోమేటిక్ చేశారు. 2019లో డీఎన్ఏ టెస్టు కంపెనీ మైహెరిటేజ్ దాన్నే ఆటోక్లస్టర్స్ పేరుతో తమ సైట్‌లో పెట్టింది. మీరు చూసే రంగురంగుల గళ్ల పటం అదే. మధ్యలో బూడిదరంగు గళ్లుంటాయి కదా, చాలామంది వాటిని చెత్త అనుకుని వదిలేస్తారు. అసలు ఆసక్తికరమైనవి అవేనండీ. పెళ్లిలో ఈ గుంపులో కూర్చుని ఆ గుంపు వాళ్లనీ పలకరించిన మనుషులు వాళ్లు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఈ పద్ధతి వెనక బయటికి చెప్పని ఒక షరతుంది: పెళ్లికి ముందు ఆ నాలుగు వైపుల వాళ్లకీ ఒకరితో ఒకరికి చుట్టరికం ఉండకూడదు. మన దగ్గర?

నాన్నగారు సొంత అక్క కూతురిని చేసుకున్నారనుకోండి. మీ అమ్మమ్మే మీకు మేనత్త కూడా. ఆవిడ అమ్మానాన్నలు ఎవరు? మీ తాత, నాయనమ్మ. అంటే పెళ్లికూతురి తల్లి వైపు అని వేరే గుంపు మండపంలో ఉండదు. ఆ వైపు వాళ్లంతా మగపెళ్లివారే. మూడు గుంపులే వస్తాయి, మూడే రావాలి. నాలుగోది వస్తేనే అనుమానించాలి.

ఇంకో మేనరికం. నాన్నగారు మేనమామ కూతురిని చేసుకున్నారు. నాయనమ్మ, అమ్మ తండ్రి స్వయానా అక్కాతమ్ముళ్లు. వాళ్లిద్దరి వైపు వాళ్లూ ఒకే గుంపు కాబట్టి ఇక్కడా మూడే. ఇందులో ఇంకో ఇబ్బంది ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఆ అక్కాతమ్ముళ్ల అన్నయ్య ఒకాయన ఉన్నారు, ఆయన మనవడు మీ మ్యాచ్. అతను మీకు నాన్న ద్వారా సెకండ్ కజిన్, అమ్మ ద్వారా కూడా సెకండ్ కజిన్. మామూలుగా సెకండ్ కజిన్‌తో కలిసేది సగటున 230 సెంటీమోర్గాన్లు. ఇతనితో 450 దాటినా ఆశ్చర్యం లేదు. మీరేమో 400 దగ్గర గీత గీశారు! మీ వంశవృక్షానికి అందరికంటే పనికొచ్చే మనిషి జాబితాలోంచే ఎగిరిపోయాడు. అందుకే మేనరికం ఇళ్లలో పై హద్దు 400 అని గుడ్డిగా పెట్టకండి. సైట్ "ఫస్ట్ కజిన్ కావచ్చు" అని చూపించినా వెంటనే నమ్మకండి.

దగ్గరి పెళ్లిళ్లు లేని ఇళ్లలో కూడా కొందరికి పటమంతా ఒకే పెద్ద చదరంగా వస్తుంది. కారణం తరతరాలుగా ఒకే కులంలో పెళ్లిళ్లు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్ బృందం, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 2017లో నేచర్ జెనెటిక్స్‌లో ఒక పేపర్ వేశారు. దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలిస్తే, వాటిలో 81 సమూహాలు ఫిన్లాండ్ వాళ్లకంటే, యూరప్ మూలాలున్న యాష్కెనాజీ యూదులకంటే కూడా ఇరుకైన మూలం నుంచి వచ్చాయని తేలింది. మూలపురుషులు కొద్దిమందే అయినప్పుడు చిన్న చిన్న డీఎన్ఏ ముక్కలు అందరి దగ్గరా ఉంటాయి. పెళ్లిలో ఫోటోగ్రాఫర్ లాగన్నమాట. ప్రతి గుంపుతోనూ నవ్వుతూ మాట్లాడతాడు, ఎవరికీ చుట్టం కాడు.

అతన్ని బయటికి పంపాలంటే ఆటోమేటిక్ టూల్‌లో కింది హద్దు పెంచండి. 20 దగ్గర కాకుండా 40, 50 పెట్టి చూడండి. మొత్తం ఎంత కలిసిందన్నదే కాదు, అన్నిటికంటే పొడుగు సెగ్మెంట్ (ఒకే ముక్కగా కలిసిన డీఎన్ఏ) ఎంతో చూడండి. మొత్తం 45, అందులో ఒకే ముక్క 32 ఉంటే ఆ మనిషిని పట్టుకోండి. అదే 45 ఏడెనిమిది సెంటీమోర్గాన్ల ముక్కలుగా వస్తే అది చాలావరకు ఫోటోగ్రాఫరే.

ఇంకో మాట. మనవాళ్లలో ఈ టూల్ బాగా పనిచేసేది దక్షిణాఫ్రికాలోని డర్బన్ లాంటి చోట్ల ఉన్నవాళ్లకి. 1860 నుంచి 1911 దాకా మద్రాసు రేవు నుంచి అక్కడి నేటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లినవాళ్ల సంతతి వాళ్లు. అక్కడ వేర్వేరు జిల్లాల వాళ్లు పెళ్లిళ్లు చేసుకున్నారు కాబట్టి గుంపులు విడివిడిగా వచ్చే అవకాశం ఎక్కువ. పైగా ఓడ జాబితాల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా రాసి ఉంటాయి. గుంపులో ఒక్కరికి ఆ కాగితం దొరికినా మిగతావాళ్లు ఏ జిల్లాలో వెతకాలో తెలుస్తుంది.

అబ్బో, టైమైపోతోంది. మిగతావి గబగబా చెప్పేస్తా. ఒకే గుంపులో ఇద్దరు ఒకరితో ఒకరు కలవకపోతే కంగారు పడకండి. సొంత థర్డ్ కజిన్లలోనే పదిమందిలో ఒకరితో ఒక్క ముక్కా కలవకపోవచ్చు. యాన్సెస్ట్రీ అనే టెస్టు కంపెనీ సైట్‌లో మామూలు షేర్డ్ మ్యాచ్ జాబితాలో 20 లోపు వాళ్లు కనపడరు, అదీ గుర్తుపెట్టుకోండి. గుంపులో నాలుగు ఇంటిపేర్లు కనపడితే అది తప్పు గుంపు కాదు, ఆడపిల్లల సంతానం కూడా అందులోనే ఉంటారు. గుంపుకి పేరు పెట్టాలంటే మీకు తెలిసిన మనిషి ఒకరు అందులో ఉండాలి. మన దగ్గర టెస్టు చేయించుకున్నవాళ్లు తక్కువ కాబట్టి ఆ మనిషిని మీరే తయారుచేసుకోవాలి: నాయనమ్మ తమ్ముడో, అమ్మమ్మ చెల్లెలో. ముందు వాళ్లకి విషయం పూర్తిగా చెప్పి అడగండి. 2018లో అమెరికాలో గోల్డెన్ స్టేట్ కిల్లర్ అనే హంతకుడిని పట్టుకున్నది వంశవృక్షాల డీఎన్ఏ సైట్లలో ఉన్న దూరపు చుట్టాల డీఎన్ఏతోనే. మీ ఒక్కరి శాంపిల్‌తో మీ చుట్టాల వివరాలు కూడా బయటికి వస్తాయి.

ఒప్పుకున్నాక ఎనభై దాటినవాళ్లకి ఉమ్మి ట్యూబు ఇవ్వకండి. నోరెండిపోయి సగం కూడా నిండదు. మైహెరిటేజ్ లాగా బుగ్గ లోపల పుల్లతో రుద్దే కిట్ తెప్పించండి. తాంబూలం అలవాటుంటే పొద్దున్నే, అది నోట్లో పడకముందే శాంపిల్ తీసేయండి.