మట్టితల్లి ఇంటి శిల్పులు

అధ్యక్షులకు, శిల్పకళా విద్యార్థులకు నమస్కారం.

ఈ రోజు ఒక్క కుటుంబం గురించే మాట్లాడతాను. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రపు ఉత్తర భాగంలో, రియో గ్రాండే నది లోయలో శాంటా క్లారా ప్యూబ్లో అనే ఊరుంది. తేవా భాష మాట్లాడే ఆదివాసుల ఊరు. అక్కడి ఇలాంటి ఆదివాసి ఊళ్లనూ, వాటిలోని జనాన్నీ ప్యూబ్లో అంటారు. వానలు తక్కువ. 1962లో పుట్టిన శిల్పి రాక్సాన్ స్వెంట్జెల్‌ది ఆ ఊరే. ఆమె బొమ్మలను చూసినవాళ్లు ముందుగా ముఖాలను మెచ్చుకుంటారు. నేను మాత్రం ఆ బొమ్మల్లో కుండను చూడమంటాను.

శాంటా క్లారా నల్ల కుండలకు పేరుపొందింది. అక్కడి పద్ధతిలో కుమ్మరి సారె లేదు, చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. చేగోడీలకు పిండిని తాడులా చేసినట్టు మట్టిని పొడుగ్గా చేసి, చుట్టు మీద చుట్టు పేరుస్తూ గోడ లేపుతారు. కొండల్లో తవ్వి తెచ్చిన మట్టిని నానబెట్టి, వడకట్టి, అగ్నిపర్వతపు బూడిద కలుపుతారు. ఆరాక నున్నటి రాయితో రుద్ది మెరుగుపెడతారు. కాల్చేటప్పుడు మంటను పేడపొడితో కప్పేస్తే గాలి అందక, పొగ పట్టి కుండ నల్లబడుతుంది. వీటన్నిటికంటే ముందు, గడ్డపార దించక మునుపే, మట్టితల్లి అనుమతి అడిగి మొక్కజొన్న పిండి సమర్పించడం వాళ్ల ఆచారం.

రాక్సాన్ అమ్మమ్మ రోజ్ నరాన్హో ఇలా కుండలు చేసిన మనిషి. ఆమె పిల్లలను చూడండి. జోడీ ఫోల్‌వెల్ కుండనే పట్టుకుని దాని మీద నేటి రాజకీయాలు చెక్కారు. నోరా నరాన్హో మోర్స్ 2007లో వాషింగ్టన్‌లోని అమెరికన్ ఇండియన్ జాతీయ మ్యూజియం ఆవరణలో కాల్చని మట్టితో శిల్పాలు నిలబెట్టారు. అవి వానకు కరిగి, గాలికి అరిగి మారిపోవాలన్నదే ఆమె కోరిక. మైకేల్ నరాన్హో 1968లో వియత్నాం యుద్ధంలో చూపు కోల్పోయారు. ఆస్పత్రి మంచం మీద ఉండగానే కాస్త మట్టి ఇమ్మని అడిగారు, ఆ తర్వాత స్పర్శతోనే శిల్పి అయ్యారు. రాక్సాన్ తల్లి రీనా వాస్తుశిల్పం చదివి, ప్యూబ్లో ఇళ్లకు నేలతో ఉన్న బంధం గురించి రాశారు.

ఒకే తల్లి పిల్లల్లో ఏ ఇద్దరి పనీ ఒక్కలా లేదు. వారసత్వం అనగానే అమ్మమ్మ చేసిన ఆకారాన్నే మనవరాలు మళ్లీ చేయాలని మనం ఆశిస్తాం. ‘సంప్రదాయ కళాకారులు’ అని బిరుదిచ్చి ఎంతమందినో అక్కడే కట్టిపడేస్తాం. అది అన్యాయమని నా గట్టి నమ్మకం. ఈ ఇంట్లో పిల్లలకు అందింది మట్టితో మెలిగే తీరు. ఆకారం ఎవరిది వాళ్లే వెతుక్కున్నారు.

రాక్సాన్‌కు చిన్నప్పుడు మాట స్పష్టంగా వచ్చేది కాదు. ఇంట్లో ఉన్న మట్టితోనే బొమ్మలు చేసి మనసులో మాట తెలిపేది ఆ పిల్ల. బడిలో తానెంత బాధపడుతోందో చెప్పడానికి ఏడుస్తున్న పాప బొమ్మ చేసింది. పెద్దయ్యాక కూడా ఆమె మనుషులను కుండ కట్టినట్టే కడతారు, చుట్టు మీద చుట్టు, లోపల బోలు. 1988 నాటి ఒక కూర్పులో నలుగురు కొషారేలు, అంటే ఒంటి నిండా నలుపు తెలుపు చారలున్న పవిత్ర విదూషకులు, నేలలోంచి పైకి వస్తుంటారు. ప్యూబ్లో పుట్టుక కథల్లో మనుషులు భూమి లోపలి లోకం నుంచే పైకి వచ్చారు. డెన్వర్ ఆర్ట్ మ్యూజియంలోని 2011 శిల్పంలో తల్లి ఒడిలో బిడ్డ, ఆ బిడ్డ ఒడిలో ఇంకా చిన్న బిడ్డ, అలా సాగుతుంది వరస.

ఇక ప్రకృతి. ఆమె యువతిగా ఉన్నప్పుడే తన ఇంటిని పచ్చి ఇటుకలతో తానే కట్టుకున్నారు. ఎండిన నేలలో చెట్లు పెంచారు, పాత రకాల విత్తనాలు దాచారు. స్పానిష్‌వాళ్లు రాకముందు పూర్వీకులు తిన్న తిండినే మూడు నెలలు తినే ప్రయోగాన్ని తోటి ప్యూబ్లోవాళ్లతో కలిసి చేశారు. గోధుమ లేదు, పాలు లేవు, పంచదార లేదు. ఇవన్నీ శిల్పానికి బయటి వ్యాపకాలని అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. ఆమె స్త్రీమూర్తులు నేలకు ఆనుకుని కూర్చునే తీరులో, ఆ బరువైన ఒళ్లలో, మట్టిపని చేసిన శరీరం తెలుస్తుంది.

ఆమె కూతురు రోజ్ బి. సింప్సన్ మరో దారి పట్టారు. పల్చటి మట్టి పలకలు అతికిస్తారు, వేలిముద్రలు చెరపరు. మోటారు పని చదివి, 1985 నాటి కారుకు నల్ల కుండల నగిషీ వేసి, పొరుగు ప్యూబ్లోకు చెందిన ప్రసిద్ధ కుమ్మరి మరియా మార్టినెజ్ పేరు పెట్టారు. ఆ కారూ నాకు కుండలాగే కనిపిస్తుంది.

మీలో కుమ్మరి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఒక విన్నపం. మీ ఇంట్లో మట్టి ఏ చెరువు నుంచి తెచ్చేవారో, ఏ కాలంలో తవ్వేవారో, అందులో ఏం కలిపేవారో అడిగి రాసుకోండి. అమ్మలను తప్పకుండా అడగండి. మన దగ్గర సారె తిప్పింది మగవాళ్లే అయినా, మట్టిని జల్లించి, కలిపి సిద్ధం చేయడంలో ఆడవాళ్ల చేతులే ఎక్కువ.